పెద్దపాదు గుర్తుపెట్టుకున్నవి

ఆ తోటలోకి చెప్పులతో అడుగుపెట్టిన మనిషి ఇంతవరకూ లేడు. ఒకసారి పొలం కొలవడానికొచ్చిన ఆఫీసరు బూట్లు విప్పనని మొండికేస్తే, నాంచారమ్మ దడి తలుపు మూసేసి, అయితే బయటినుంచే కొలుచుకోండి అందట. ఆయన అలాగే కొలుచుకుని వెళ్ళాడు. కాగితాల్లో ఆ తోట ఇప్పటికీ మూడు సెంట్లు తక్కువ.

అందుకే ఆ మాఘమాసపు పొద్దున జిలానీగారు జీపు దిగగానే సువర్చల ముందుగా హెచ్చరించింది.

“సార్, ఇక్కడ కాళ్ళు కడుక్కోవాలి. మా అత్తయ్య చూస్తూ ఉంటుంది.”

దడి పక్కన చిన్న సిమెంటు తొట్టి ఉంది. అందులో పసుపూ సున్నమూ కలిపిన నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. జిలానీగారు బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, ఆ నీళ్ళలో నిలబడి కిందికి చూసుకున్నారు. ముప్ఫయ్యేళ్ళుగా పదార్థ విజ్ఞానంలో తలమునకలుగా ఉన్న ఆ పెద్దమనిషి పెళ్ళికొడుకులా పారాణి కాళ్ళతో నిలబడటం చూసి సువర్చలకి నవ్వాగలేదు.

“మా లాబులోకి వచ్చేవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా రారమ్మా,” అన్నారాయన.

“మీ కాడ పోతే ఒక కుండీ పోద్ది సారూ,” అంది లోపల్నుంచి నాంచారమ్మ. “ఇక్కడ తోటంతా పోద్ది.”

ఆమె మాటలో అతిశయోక్తి లేదు. రెండేళ్ళ కిందట వానల్లో మొదలైన కొత్తరకం ఎండు తెగులు కాలవ వెంట ఒక్కో తమలపాకు తోటనీ తినుకుంటూ వస్తోంది. పొద్దున పచ్చగా కళకళలాడిన తీగ మూడోనాటికి మొదలు నల్లబడి, ఆకులు వేలాడేసి నిలబడిపోయేది. ఇసకమెరక చుట్టుపక్కల నూటపది తోటలుండేవి. ఇప్పుడు తొమ్మిది మిగిలాయి. వాటిలో నాంచారమ్మ తోట ఒకటి. వచ్చే తొలకరి దాటితే అది కూడా ఉండదని అందరికీ తెలుసు. ఆమె ముందు ఆ మాట అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

సువర్చల ఆ ఇంటికి కోడలై పదకొండేళ్ళయింది. పెళ్ళిచూపుల్లో నాంచారమ్మ అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. “మందులు కలిపే చదువంట గదా, మొక్కలక్కూడా కలుపుతావా అమ్మాయ్?” ఏదో ఒకటి అనాలి గనక, కలుపుతానండీ అంది సువర్చల. ఆ మాట ఇప్పుడు మెడకు చుట్టుకుంది. గుంటూరు దారిలో ఉన్న పరిశోధనశాలలో ఆమె రసాయన శాస్త్రవేత్త. రోజూ ఉదయం బస్సెక్కి వెళ్ళడం, సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారి మొహం చూడలేక తల దించుకోవడం ఏడునెలలుగా అలవాటైపోయింది.

ఆ పరిశోధనశాలలో జిలానీగారు ఒక అద్భుతం చేశారు. ఊక బూడిదలోంచి తీసిన సిలికా, పట్టుపురుగు కాయల జిగురు కలిపి ఒక పొర తయారుచేశారు. గుండ్రంగా, పల్చగా, వెలుతురుకి పట్టి చూస్తే అవతలి మనిషి కనిపించేలా ఉండేది. లాబులో అందరూ దాన్ని అప్పడం అనేవారు. అందులో కంటికి కనపడని గుంటలు కోట్లలో ఉన్నాయి. తెగులు సోకి బతికి బయటపడ్డ మిరప మొక్కకి దాన్ని అంటిస్తే, ఆ తెగులుతో పోట్లాడటానికి మొక్క తయారుచేసుకున్న పదార్థాలు ఆ గుంటల్లోకి వచ్చి కూర్చునేవి. అప్పడం మీద గీత పడేది. ఒక్కో తెగులుకి ఒక్కో రంగు గీత. అదే అప్పడాన్ని తీసి, తెగులంటే ఏమిటో తెలియని లేత మొక్కకి అంటిస్తే, మూడోరోజుకి అది కూడా పోట్లాడటం నేర్చేసుకునేది. మొదటిసారి అలా జరిగిన రోజు జిలానీగారు అరకిలో మిఠాయి తిన్నారు. ఆయనకి షుగరుందన్న సంగతి ఆయనతో సహా అందరూ మర్చిపోయారు.

మిరపకి పనిచేసింది, టమాటాకి పనిచేసింది. తమలపాకు దగ్గర మాత్రం అప్పడం మూగబోయింది. సువర్చల తన ఇంటి తోటనుంచి తెచ్చి నలభైఒక్క కుండీల్లో తీగ నాటింది. ప్రతిదాని మీదా అప్పడం తెల్లగా, ఖాళీగా ఉండిపోయింది. తెగులు పెట్టాక, చచ్చేముందు సన్నగా ఊదారంగు గీత ఒకటి మెరిసి, తీగతోపాటే ఆరిపోయేది. నలభైఒకటో కుండీ నిన్న సాయంత్రం పోయింది. సువర్చల బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

“ఏడుపుకి తర్వాత టైముందమ్మాయ్,” అన్నారు జిలానీగారు. “రేపు పొద్దున్నే ఈ తీగ పుట్టిల్లు చూసొద్దాం.”

వాళ్ళు వచ్చేసరికి తోటలో తీగ దించుతున్నారు. తమలపాకు తీగ అవిశె చెట్టుని పట్టుకుని ఏడాదంతా పైకి పాకుతుంది. చెయ్యి అందనంత ఎత్తుకి పోయాక దాన్ని కిందికి దించి, ఆకు కోసేసిన పాత కాండాన్ని మొదట్లోనే చుట్టగా చుట్టి మట్టి కప్పేస్తారు. కొసని మాత్రం మళ్ళీ చెట్టుకి జమ్ముగడ్డితో కడతారు. కొస మళ్ళీ పైకి బయల్దేరుతుంది. ఏటేటా ఇదే పని.

తోట నడిమధ్యన, మిగతావాటికంటే జానెడు ఎత్తుగా ఉన్న మట్టిదిబ్బ దగ్గర నాంచారమ్మ గొంతుకూర్చుని ఉంది. అది పెద్దపాదు. దాని తీగ దించే పని ఆమె ఇంకెవరికీ ఇవ్వదు, కొడుకు శేషుకి కూడా. చేత్తోనే మట్టి తీస్తుంటే లోపల బొటనవేలంత లావున నల్లటి కాండం, చుట్ట మీద చుట్ట, కనిపించింది.

“ఇదంతా ఏంటమ్మా?” అని వంగారు జిలానీగారు.

“పైది నిరుటిది. దాని కిందది ముందేడుది. ఎన్నేళ్ళయితే అన్ని చుట్టలు.”

“కిందవి కుళ్ళిపోవూ?”

“వేరేవాటికి కుళ్ళుద్ది. దీనికి కుళ్ళదు. గోరుతో గిల్లి చూడండి.”

ఆయన గిల్లారు. నల్లటి తోలు కింద లేత పచ్చదనం మెరిసింది.

“మరి ఈ ఒక్కదానికే ఎందుకింత మర్యాద?”

“తమలపాకు ఒకే నేలలో కలకాలం ఉండదు సారూ, తోట మారుస్తా ఉండాల. మార్చినప్పుడు మిగతా పాదులకి కొసలు తుంచి నాటుతాం. దీన్ని మాత్రం చుట్టతో సహా, మట్టిగడ్డతో పెకలించి, గంపలో పెట్టుకుని నెత్తిన మోసుకుపోతాం. మా అయ్య అట్టాగే చేశాడు. వాళ్ళమ్మా అట్టాగే చేసింది. ఎందుకంటే నన్నడక్కండి, నాకు తెలవదు.”

సువర్చల చేతిలోని సంచీ జారి మట్టిలో పడింది.

నలభైఒక్క కుండీలు. నలభైఒక్కటీ కొసలే. తమలపాకు నాటాలంటే కొసే నాటాలి, ముదురు కాండం పనికిరాదు. ఈ ఇంటికొచ్చిన మొదటి నెలలోనే అత్తగారు నేర్పిన సంగతి అది. లాబులో వాళ్ళెవరికీ తమలపాకు సంగతి తెలియదు గనక అడగలేదు. తనకి బాగా తెలుసు గనక తనూ అడగలేదు. తెలిసినతనమే ఏడునెలలు మింగేసింది.

“కొస మొన్న పుట్టింది సార్,” అంది. “దానికేం తెలుస్తుంది? తీగ పడ్డ పాట్లన్నీ ఇక్కడున్నాయి. మట్టికింద.”

సంచీలోంచి అప్పడం తీసి, అత్తగారి వైపు చూసింది. నాంచారమ్మ తలూపింది. సువర్చల దాన్ని పైచుట్ట మీద అంటించింది. నిమిషం గడిచేలోపే నాలుగు గీతలు పడ్డాయి. నిరుటి ఆకుమచ్చ తెగులు గీతని సువర్చల చూస్తూనే గుర్తుపట్టింది.

జిలానీగారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ప్యాంటు సంగతి ఆయనకి పట్టలేదు. “కిందికి పదండమ్మా, కిందికి,” అన్నారు.

పలుగు వద్దంది నాంచారమ్మ. వేళ్ళతోనే తీసింది. ఒక్కో చుట్టా బయటపడటం, సువర్చల దాని మీద గోరంత అప్పడం ముక్క అంటించడం, జిలానీగారు రాసుకోవడం. ఎండ నెత్తిమీదకొచ్చింది, ఎవరికీ ఆకలి గుర్తురాలేదు. ఒకచోట అప్పడం మీద రంగే పడలేదు. బూడిదలాంటి తెల్లటి పట్టీ, వేలెడు వెడల్పున, ఇవతల్నుంచి అవతలికి పరుచుకుంది.

“ఇది తెగులు కాదు,” అంది సువర్చల. “ఉప్పు. ఇంత ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది?”

జిలానీగారు తన కాగితం చూసుకున్నారు. “నలభై ఎనిమిదో చుట్ట.”

నాంచారమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత ఆ మట్టి చేత్తోనే నోరు మూసుకుంది.

“ఉప్పెన,” అంది. “డెబ్భై ఏడు ఉప్పెన.”

ఆమే మళ్ళీ మొదలుపెట్టింది, వాళ్ళకి కాదు, పాదుకి చెబుతున్నట్టు. “నాకు పద్నాలుగేళ్ళు. మా అయ్య నన్ను తాడిచెట్టుకి తన పంచెతో కట్టేశాడు. తను కట్టుకోడానికి ఇంకేం మిగల్లా. నీళ్ళు తీశాక చూస్తే అయ్య లేడు. అవిశె చెట్లన్నీ కూలినై, పాదులన్నీ ఉప్పుకి మాడినై. ఇదొక్కటే, మట్టిలో చుట్ట ఉండబట్టి, చిన్న మోసు వేసింది. గంపలో పెట్టుకుని ఏడు మైళ్ళు నడిచొచ్చా ఈడికి. నాకు అయ్య తాలూకు మిగిలిందల్లా ఇదే.” వేలితో ఆ తెల్లటి పట్టీని తడిమింది. “దీనిక్కూడా గుర్తుందన్నమాట.”

పదకొండేళ్ళుగా అత్తగారు చెప్పని కథని ఒక తీగ చెప్పింది.

పాదు అట్టడుగున ముడిపడిపోయిన ఒక చుట్ట ఉంది, చెక్కలా గట్టిగా, నల్లగా. దాని మీద పెట్టిన అప్పడం ముదురుగా, ఒకే మరకలా కనిపించింది. దాన్ని లాబుకి తీసుకెళ్ళి సూక్ష్మదర్శిని కింద పెడితే తెలిసింది, అది మరక కాదని. వెంట్రుకకంటే సన్నటి గీతలు, ఒకదాన్నానుకుని ఒకటి. జిలానీగారు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. టీ చల్లారిపోయింది, మళ్ళీ తెచ్చారు, అదీ చల్లారింది. మూడువందల పన్నెండు దాకా లెక్క అందింది. ఆ తర్వాత కూడా గీతలున్నాయి, కానీ కళ్ళకీ యంత్రానికీ కూడా ఆనడం లేదు.

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

“ఇది విత్తనంలోంచి పుట్టిన మొక్క కాదమ్మా. ముక్కలోంచి ముక్క, ముక్కలోంచి ముక్క. అంటే ఇది ఒక్కసారి కూడా చావలేదు. ఎవరు నాటారో, ఏ రాజు కాలమో. అప్పుడు మొదలైన తీగే ఇప్పుడు మీ ఇంట్లో ఉంది. ఒక గంపలోంచి ఇంకో గంపలోకి.”

సువర్చల కళ్ళు రెండువందల ఏడో గీత మీద ఆగిపోయాయి. అది ఊదారంగు గీత. చచ్చిపోతున్న తీగల మీద మెరిసి ఆరిపోయే ఊదారంగు. ఇక్కడ ఆరిపోలేదు, నిండుగా, కదలకుండా ఉంది. ఈ తెగులు కొత్తది కాదు. ఏ పుస్తకంలోనూ లేని, ఏ మనిషికీ గుర్తులేని కాలంలో ఒకసారి వచ్చింది. ఈ తీగ దానితో పోట్లాడి గెలిచింది. ఆ కిటుకుని ఇన్నాళ్ళూ మట్టికింద దాచుకుంది.

ఆ గోరంత ముక్కతో నలభైరెండో కుండీకి నేర్పారు. తెగులు పెట్టారు. పది రోజులు గడిచాయి, తీగ చావలేదు. పదకొండో రోజున కొత్త ఆకు వేసింది. సువర్చల పరిశోధనశాల వరండాలో నిలబడి ఫోన్లో భర్తకి చెబుతూ వెక్కి వెక్కి ఏడిస్తే, పాపం శేషు ఇంకా ఏదో ఘోరం జరిగిందనుకుని ఆకుల గంపలు మార్కెట్లో వదిలేసి పరుగున వచ్చాడు.

సంబరం వారం రోజులే. నలభైరెండో కుండీ నుంచి నేర్చుకున్న తీగ సగం ఎండింది. దాన్నుంచి నేర్చుకున్నది పూర్తిగా పోయింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. పెద్దపాదు నుంచి తెచ్చిన వేలెడు కాండం మీద రెండోసారి అప్పడం అంటిస్తే ఏమీ పడలేదు. తెల్లకాగితం. ఆ కాండానికి తెగులు చూపిస్తే రెండు రోజుల్లో కుళ్ళిపోయింది.

“మనం నకలు తీస్తున్నామనుకున్నాం,” అన్నారు జిలానీగారు నెమ్మదిగా. “కాదు. ఎత్తుకొచ్చేస్తున్నాం. లేత మొక్కలో అది మండే పొయ్యి, ఎంత తీసినా మళ్ళీ పుడుతుంది. ఆ పాత చుట్టలో ఉన్నది బూడిద కింద దాచిన నిప్పు. తీస్తే పోయింది. రవ్వ తెస్తే మన పొయ్యి అంటుకోలేదు. ఉన్న నిప్పంతా ఒక్కసారి తెస్తే అంటుకుంటుంది. ఒక అరవై కుండీలు అంటుకుంటే చాలు, వాటినుంచి జిల్లా మొత్తానికీ ఇవ్వొచ్చు.”

“పెద్దపాదు?”

“అన్నీ మర్చిపోతుంది.”

“మళ్ళీ దానికే నేర్పుదాం సార్. ఆ కుండీలనుంచి.”

ఆయన తల అడ్డంగా ఊపారు. అదీ ప్రయత్నించి చూశారట, ఖాళీ అయిన ఇంకో ముక్క మీద. ముదురు కాండం ఏదీ పట్టుకోలేదు, తడి కట్టెలా ఉండిపోయింది.

అత్తగారితో ఈ మాట ఎవరు చెప్పాలన్నదాని మీద మొగుడూపెళ్ళాలు రెండు రోజులు వాదించుకున్నారు. “నావల్ల కాదు,” అన్నాడు శేషు. “ఆ పాదు ముందు నేను చిన్నకొడుకుని. నువ్వే అడుగు.”

మధ్యాహ్నం వసారాలో నాంచారమ్మ కాళ్ళు బారజాపుకుని ఆకులు కట్టలు పేరుస్తోంది. సువర్చల పక్కన కూర్చుని తనూ నాలుగు ఆకులు సర్ది, వాటిని తలకిందులుగా పెట్టింది.

“ఏందో చెప్పు. ఆకులు పాడుచెయ్యబాక.”

సువర్చల చెప్పింది. నిప్పు సంగతీ, బూడిద సంగతీ అన్నీ చెప్పింది. నాంచారమ్మ చేతులు ఆగలేదు. ఆకు మీద ఆకు, ఆకు మీద ఆకు. కట్ట పూర్తయ్యాక నారతో ముడేసి పక్కన పెట్టి అడిగింది.

“అన్నీ పోతాయా?”

“అన్నీ అత్తయ్యా.”

“మా అయ్య కూడానా?”

సువర్చలకి ఆ ప్రశ్న ముందే తెలుసు. “అయ్య కూడా,” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

మూడు రోజులు నాంచారమ్మ ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, లేకపోతే లేదు. పొద్దస్తమానం పెద్దపాదు దగ్గరే కూర్చుంది. సువర్చల తనని తాను తిట్టుకోని గంట లేదు. ఆ తీగ ఈవిడకి తండ్రి. ఉప్పెన ఒకసారి తీసుకుపోయిన తండ్రిని, తన చదువుతో వచ్చి తను రెండోసారి అడిగింది.

నాలుగోనాడు పొద్దున సువర్చల తోట దగ్గరికి వెళ్ళి తొట్టిలో కాళ్ళు పెట్టేసరికి, అవతలివైపు నాంచారమ్మ నిలబడి ఉంది.

“మిగిలిన తొమ్మిదిట్లో నాయకమ్మ తోట నిన్న పోయింది,” అంది. “వెళ్ళి చూసొచ్చా. ఆ పిల్ల చెట్లమధ్యన కూచుని కుమిలి కుమిలి ఏడుస్తాంది. దాని తోట పాదులన్నీ మన కొసలే గదా. పిల్లలన్నీ ఒకటొకటీ పోతా ఉంటే, తల్లి దగ్గర మందుంచుకుని, నాకు మా అయ్య కావాలని నేను కూచుంటే ఏం బాగుంటది?” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “కానీ ఒక మాట. రబ్బరు తొడుగులేసుకుని దాన్ని ముట్టుకోనియ్యను. కడుక్కున్న చేత్తో నేనే అంటిస్తా. అన్నీ నేనే.”

“అత్తయ్యా, చేతికున్న నూనే, చెమటా కలిస్తే ప్రయోగం…”

“ఆమె చెప్పినట్టే కానియ్యమ్మా,” అన్నారు జిలానీగారు, ఈ మాట ఫోన్లో విన్నాక. “పాలలో పడ్డ వెంట్రుకని తీసినట్టు ఆ చెమటని తర్వాత లెక్కలోంచి తీసేద్దాం. ఆమె చెయ్యి లేకపోతే అసలు లెక్కే లేదు.”

ఫాల్గుణం వెళ్ళకముందే ఆ పని జరిగింది. పెద్దపాదు చుట్టంతా మట్టిలోంచి బయటికొచ్చి ఎండుగడ్డి మీద పరుచుకుంది. అంత పొడుగు తీగని శేషు కూడా ఎన్నడూ చూడలేదు. నాంచారమ్మ పసుపూ సున్నమూ నీళ్ళలో మోచేతులదాకా కడుక్కుని, ఒక్కో అప్పడాన్నీ కాండం మీద పెట్టి, అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు అలా ఉంచేది. తీసి సువర్చలకిచ్చేది. రంగులు నిండిన అప్పడాలు అరవై. ఎర్రవి, పచ్చవి, ఊదావి. కరువులూ వానలూ పురుగులూ మంటలూ, ఊరూ పేరూ లేని కష్టాలన్నీ గాజుపెట్టెల్లోకి వెళ్తున్నాయి. తోటలో నిలబడ్డ నలుగురైదుగురు పనివాళ్ళలో ఒక ముసలామె దణ్ణం పెట్టుకుంది.

నలభై ఎనిమిదో చుట్ట దగ్గర నాంచారమ్మ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. తీశాక ఆ బూడిదరంగు అప్పడాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

“ఇది నాకియ్యండి సారూ.”

“మూడు రోజులకంటే నిలవదమ్మా. ఎండి పగిలిపోతుంది.”

“మూడు రోజులు చాలు.”

మర్నాడు ఆమె ఒక లేత కొసకి ఆ అప్పడం చుట్టి, పెద్దపాదు పక్కనే నాటింది. దానికి ఊదాగీత అప్పడం కూడా పెట్టించుకుంది. సువర్చలకి ఒక సంగతి చెప్పక తప్పలేదు. ఉప్పుని నేర్చుకున్న మొక్క ఎప్పుడూ ఉప్పుకి భయపడుతూనే ఉంటుంది, దాని ఆకు చిన్నదవుతుంది, చేదెక్కుతుంది, ఎదగడానికి కష్టపడుతుంది అంది.

“నేనెదగలా?” అంది నాంచారమ్మ.

అరవై కుండీలూ అంటుకున్నాయి. అరవై, ఆరువందలయ్యాయి. తొలకరి నాటికి మిగిలిన ఎనిమిది తోటలకీ, ఎండిపోయిన తోటల్లో సగానికీ తెగులు తెలిసిన తీగ చేరింది. వానలొచ్చాయి, వెంట తెగులొచ్చింది, తోటలన్నీ తిరిగింది, ఎక్కడా దానికి చోటు దొరకలేదు. ఒక్కచోట తప్ప. నాంచారమ్మ తోట నడిమధ్యన, జానెడు ఎత్తు దిబ్బ మీద, ఏమీ గుర్తులేని ఒక ముసలి తీగ దానికి దొరికింది. పదకొండు రోజుల్లో పెద్దపాదు ఎండిపోయింది. నాంచారమ్మ దాన్ని పీకనివ్వలేదు. ఎండిన తీగని మామూలుగానే కిందికి దించి, చుట్టగా చుట్టి, కొత్తపాదు మొదట్లో పెట్టి మట్టి కప్పింది. ఆ రోజు శేషు మార్కెట్టుకి వెళ్ళలేదు. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

మళ్ళీ మాఘం వచ్చింది. తీగ దించే రోజులు. సువర్చల ముప్ఫై ఆరు తోటలు తిరిగి, దించిన ప్రతి తీగ మీదా అప్పడం పెట్టి చూసింది. ఊదాగీత నిండుగా ఉంది. దాని పక్కన సన్నగా, తేనెరంగులో ఇంకో గీత కూడా ఉంది. నాయకమ్మ తోటలో ఉంది, కాలవ అవతలి తోటల్లో ఉంది, అన్నిచోట్లా ఉంది. అది ఏ తెగులుదీ కాదు. పెద్దపాదు పాత గీతల్లో దానికి జత లేదు.

సువర్చల మూడు వారాలు దాని వెంటపడింది. గీతలోని పదార్థాలు ఒక్కొక్కటే విడదీసింది. పసుపు ఆనవాలు వచ్చింది. సున్నం వచ్చింది. తర్వాత చెమట ఉప్పు, చర్మం మీద నూనె. నాలుగూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని చూసేసరికి ఆమె చేతిలో కలం ఆగిపోయింది.

“సార్,” అంది. “ఇది మనిషి చెయ్యి.”

జిలానీగారు వచ్చి ఆ కాగితం చాలాసేపు చూశారు. “మనం లెక్కలోంచి తీసేద్దామనుకున్నది,” అన్నారు. “తీగ తియ్యలేదు. మూడొందల ఏళ్ళ తర్వాత ఎవరైనా మట్టి తవ్వి చూస్తే, అప్పటికి మనమెవరం ఉండం, ఈ లాబు ఉండదు, మీ అత్తగారి చెయ్యి మాత్రం ఉంటుందమ్మా.”

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. నవ్వి ఆగాక సువర్చలకి ఇంకో సంగతి తోచింది. మంచి వానలు కురిసిన ఏళ్ళకి ఈ తీగలో గీత లేదు. మంచి ఎరువు వేసిన ఏడాదికి లేదు. ఇన్ని వందల ఏళ్ళలో అది రాసుకున్నవన్నీ దెబ్బలే. ఆ చెయ్యి వచ్చిన రోజు తనకున్నదంతా పోయింది గనకే తీగ ఆ చేతిని రాసుకుంది.

ఇది అత్తయ్యకి ఎలా చెప్పడం? చెప్పకపోతే ఆమెకి తెలియదు. కానీ ఆ తోటలో ఆ తొట్టి నీళ్ళు దాటాక అబద్ధం చెప్పడం సువర్చలకి ఏనాడూ చేతకాలేదు.

నాంచారమ్మ కొత్తపాదు దగ్గర కూర్చుని ఉంది. ఆకులు చిన్నవే. ఒకటి తుంచి నమిలి మొహం చిట్లించి, మళ్ళీ ముచ్చటగా చూసుకుంటోంది. మొదటిసారి దించిన తీగ, మొదటి చుట్ట. సువర్చల అప్పడం పెట్టింది. మూడు గీతలు పక్కపక్కనే పడ్డాయి. బూడిదరంగు పట్టీ, ఊదాగీత, తేనెరంగు గీత.

“మా అయ్య వచ్చాడు,” అంది నాంచారమ్మ, బూడిదరంగు మీద వేలుపెట్టి. “ఇది తెగులు. ఈ మూడోదేంది?”

“మీ చెయ్యి అత్తయ్యా.”

నాంచారమ్మ కోడలి మొహంలోకి చూసింది. సువర్చల అంతా చెప్పేసింది. అన్ని తోటల్లోనూ ఉందని చెప్పింది. ఎన్ని వందల ఏళ్ళయినా ఉంటుందని చెప్పింది. చివరికి, ఈ తీగ దెబ్బలు మాత్రమే గుర్తుపెట్టుకుంటుందని కూడా చెప్పి, తల దించుకుంది.

నాంచారమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. గోళ్ళసందుల్లో మట్టి, గీతల్లో పసుపు.

“ఉప్పెన పక్కనే వేసిందా నన్ను?”

సువర్చల తలూపింది.

నాంచారమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది సువర్చల. కాదు, నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే నవ్వుతోంది.

“పోనీలే అమ్మాయ్,” అంది. “మా అయ్యనీ నన్నూ ఒక్కచోట చేర్చింది. మర్చిపోలా గదా.”

అని అప్పడాన్ని జాగ్రత్తగా తీసి కోడలి చేతిలో పెట్టి, తీగకి ఎండ తగలకుండా రెండు చేతులతో మట్టి కప్పడం మొదలుపెట్టింది.